ఎర్రని అంకెలు ఏమంటున్నవి?

భిలాయిలో రాత్రి ఎన్నడూ పూర్తిగా చీకటి కాదు. ఉక్కు కర్మాగారం వైపు ఆకాశం ఉండి ఉండి ఎర్రబారుతుంది, మళ్ళీ మసకబారుతుంది. ఆ వెలుగుకు కొంత ఎడంగా, కర్మాగారాన్ని ఆశ్రయించుకొని పెరిగిన పారిశ్రామికవాడలో ఒక చిన్న మెషిన్ షాపును ఊహించుకుందాం. వేళ రాత్రి రెండు గంటలు. షెడ్డులో నాలుగు యంత్రాలున్నవి. మూడు పనిచేస్తున్నవి. నాలుగవది, నిలువుగా దిగివచ్చి ఉక్కు పలకలకు రంధ్రాలు తొలిచే మిల్లింగ్ యంత్రం, ఉన్నట్లుండి ఆగిపోయింది. దాని వెనుకనున్న ఇనుప బీరువా తలుపు తీసి చూస్తే, లోపల వరుసగా అమర్చిన పెట్టెలలో ఒకదానిపై రెండు ఎర్రని అంకెలు మిణుకుమంటున్నవి: 50.

యంత్రం దగ్గర నిలబడినవాడు ఇరవై రెండేళ్ళ కుర్రవాడు. అతని తాత, కర్మాగారం కట్టే రోజులలో శ్రీకాకుళం ప్రాంతం నుంచి పని వెతుక్కుంటూ వచ్చి భిలాయిలో స్థిరపడిపోయినవాడు. కుర్రవాడు రీసెట్ మీట నొక్కాడు. అంకెలు మాయమైనవి. యంత్రం పది నిమిషాలు బుద్ధిగా పనిచేసి మళ్ళీ ఆగింది. మళ్ళీ 50. మళ్ళీ రీసెట్. ఈసారి ఐదు నిమిషాలే.

"గురువుగారూ, ఇంకొకసారి కొట్టనా?"

కర్మాగారంలో ముప్పై ఏళ్ళు ఎలక్ట్రీషియనుగా పనిచేసి, విశ్రాంతి తీసుకోవలసిన వయసులో ఈ షెడ్డుకు వచ్చిన పెద్దాయన తల అడ్డంగా ఊపాడు.

"ఆగు నాయనా. అది మూడుసార్లు చెప్పింది. మనం ఒక్కసారైనా వినలేదు."

ఈ ఇద్దరూ కల్పితులే. కాని వారి ఎదుటనున్న చిక్కు కల్పితం కాదు. యంత్రాలు ఆగిన ప్రతిచోటా, ఏదో ఒక రాత్రి, ఎవరో ఒకరు ఇటువంటి రెండు మూడు అంకెల వైపు చూస్తూ నిలబడుతూనే ఉంటారు. వారిలో చాలామంది చేసే మొదటి పని ఆ అంకెలను చెరిపివేయటమే. జ్వరం వచ్చినవాని నోటిలో పెట్టిన థర్మామీటరును విదిలించి, పాదరసం దిగింది గనుక జ్వరం తగ్గిందనుకోవటం వంటిది ఇది.

జెండా పడిన రోజులు

భిలాయి ఉక్కు కర్మాగారానికి సంబంధించిన ఒడంబడిక భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య 1955 ఫిబ్రవరి 2న కుదిరింది. నాలుగేళ్ళు తిరిగేసరికి, 1959 ఫిబ్రవరి 4న, మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. ఏటా పది లక్షల టన్నుల ఉక్కు అన్నది తొలి లక్ష్యం. అప్పుడది మధ్యప్రదేశ్‌లోని దుర్గ్ జిల్లాలో ఒక మారుమూల ప్రాంతం. 2000 నవంబరు 1 నుంచి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో ఉన్నది. దల్లీ రాజహరా గనుల ఇనుప రాయి ఇక్కడికి వచ్చి రైలు పట్టాలుగా మారి దేశమంతటికీ పోతుంది. ఈ వ్యాసం చదువుతున్నవారు ఈ మధ్య రైలెక్కి ఉంటే, దారిలో ఎక్కడో ఒకచోట భిలాయి పట్టా మీదుగా ప్రయాణం చేసే ఉంటారు.

ఆ తొలి తరం కాలంలో, ప్రపంచమంతటా, ఎర్రగా కాలిన ఉక్కు దిమ్మెను ముందుకూ వెనుకకూ నలిపే పెద్ద మిల్లులను నడిపిన విద్యుత్ ఏర్పాటుకు మూలపురుషుడు హారీ వార్డ్ లెనార్డ్ అనే అమెరికన్. 1891లో ఆయన కనిపెట్టిన పద్ధతి వినటానికి చుట్టుతిరుగుడుగా ఉంటుంది: ఒక మోటారు ఒక జనరేటరును తిప్పుతుంది, ఆ జనరేటరు మిల్లు మోటారుకు విద్యుత్తునిస్తుంది, జనరేటరు అయస్కాంతపు చుట్టలోని కొద్దిపాటి ప్రవాహాన్ని హెచ్చించి తగ్గించి, కొండంత మిల్లును చేతివేలితో ఆడించవచ్చు. ఏదైనా తేడా వస్తే రిలే అనే చిన్న పెట్టె పడిపోయి, దాని అద్దం వెనుక రంగు జెండా ఒకటి జారేది. ఏ జెండా పడిందో చూసుకొని, ఏ మోటారు వేడెక్కిందో, ఏ తీగ నేలకు తగిలిందో పనివారు తెలుసుకునేవారు. మిగిలినదంతా చెవి, ముక్కు, అరచెయ్యి చెప్పవలసిందే. బేరింగు మీద చెయ్యి వేసి, మనసులో పది లెక్కపెట్టేలోగా చెయ్యి తీయవలసి వస్తే వేడి ఎక్కువైనట్లు లెక్క.

1957లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ థైరిస్టరును వెలువరించింది. దానితో మొదలైన మార్పు, ఆ తిరిగే జనరేటర్లను మెల్లమెల్లగా సాగనంపింది. ఇప్పుడు భిలాయి యూనివర్సల్ రైల్ మిల్లులో 130 మీటర్ల పొడవైన పట్టా ఒకే ముక్కగా తయారవుతుంది. అంత పొడవునా వంపు వెంట్రుకవాసికి మించకుండా చూడటం చేతివేళ్ళ పని కాదు. పెద్ద మిల్లుల మాట అటుంచి, వాటికి విడిభాగాలు చేసిచ్చే చిన్న షెడ్లలో సైతం ఇవాళ యంత్రాన్ని నడిపేది సర్వో మోటారు. ఆనాటి జెండాకు మనుమడే బీరువాలోని ఎర్రని అంకె.

దాసుని పుట్టుక

సర్వో అన్న మాటలో తెలుగు చెవికి 'సర్వ' శబ్దం వినిపిస్తుంది. అన్నీ తెలిసినదేమో ననిపిస్తుంది. నిజానికి దాని మూలం లాటిన్‌లోని 'సెర్వుస్'. అర్థం: దాసుడు. జోసెఫ్ ఫార్కో అనే ఫ్రెంచి ఇంజనీరు 1873లో ప్రచురించిన గ్రంథానికి 'సర్వోమోటార్' అన్న మాటతోనే పేరు పెట్టాడు. ఆవిరి ఓడల చుక్కాని మనిషి బలానికి లొంగనంత పెద్దదైపోయిన కాలమది. నావికుడు చిన్న చక్రం తిప్పితే, ఆవిరి యంత్రం ఆ కదలికను అనుసరించి అంతే మేరకు చుక్కానిని తిప్పాలి. అంతకు మించి ఒక్క అంగుళం తిప్పరాదు. బలం దాసునిది, ఇష్టం యజమానిది.

మామూలు మోటారుకూ దీనికీ గల భేదం అక్కడే ఉన్నది. ఇంటిలోని ఫ్యాను తిరుగుతుంది. ఎంత తిరిగిందో దానికి తెలియదు, తెలియవలసిన అగత్యమూ లేదు. సర్వో మోటారు వెనుక భాగాన ఎన్‌కోడర్ అనే కన్ను ఒకటి ఉంటుంది. 17 బిట్ల ఎన్‌కోడర్ ఒక చుట్టును 1,31,072 భాగాలుగా చూస్తుంది. 20 బిట్లదైతే 10,48,576 భాగాలుగా. ఒక చుట్టుకు 10 మిల్లీమీటర్లు కదిలే మరను మొదటి రకం మోటారు తిప్పుతున్నదంటే, ఆ కన్ను గుర్తించగల కదలిక మిల్లీమీటరులో పదివేలవ వంతు కంటె తక్కువ.

కంట్రోలరు, అనగా ఆ బీరువాలోని పెట్టె, నిరంతరం మూడు ప్రశ్నలు వేస్తూ ఉంటుంది. ఎక్కడ ఉండాలి, ఎక్కడ ఉన్నాను? ఎంత వేగంతో పోవాలి, ఎంత వేగంతో పోతున్నాను? ఎంత ప్రవాహం కావాలి, ఎంత పారుతున్నది? చివరి ప్రశ్న సెకనుకు వేలసార్లు వేసుకుంటుంది. ప్రతి ప్రశ్నలోనూ రెండు భాగాలున్నవని గమనించాలి: కోరినది, జరిగినది. రెంటికీ నడుమనున్న తేడాను తగ్గించటమే దాని జీవితం. ఆ తేడా తగ్గించలేని స్థితి వచ్చినపుడు, లేదా తగ్గించబోయి తానే కాలిపోయే ప్రమాదం ఎదురైనపుడు, అది చేతులెత్తి ఒక అంకె చూపిస్తుంది.

ఆ అంకెలు వందలు. కాని తరచు కనిపించేవి ఏడెనిమిది జబ్బులే.

వాటిలో ఒకటి మన పల్లెటూరివాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేనిది. ఎద్దులు బండిని లాగుతవి. అయితే దిగుడు వచ్చినపుడు బండే ఎద్దులను తోస్తుంది. వేగంగా తిరుగుతున్న మోటారును హఠాత్తుగా ఆపమన్నపుడు ఇదే జరుగుతుంది. బరువైన చక్రమో బల్లో దానిని తోసుకుపోతుంది. మోటారు కాస్తా జనరేటరై, విద్యుత్తును వెనుకకు, కంట్రోలరు పెట్టెలోకే పంపుతుంది. మన 415 వోల్టుల సరఫరాను ఏకముఖ విద్యుత్తుగా మార్చినపుడు దాని శిఖరం సుమారు 587 వోల్టులు. వెనుకకు వచ్చిన విద్యుత్తు దానిని పైపైకి తోసి 800 వోల్టుల ప్రాంతానికి తీసుకుపోతే, లోపలి భాగాలు పేలిపోకుండా పెట్టె ఆగిపోతుంది. దీనికే ఓవర్ వోల్టేజి అని పేరు. ఈ అంకె చూడగానే కరెంటు ఆఫీసును తిట్టేవాళ్ళున్నారు. పాపం, చాలాసార్లు ఆ ఆఫీసు తప్పేమీ ఉండదు. వెనుకకు వచ్చిన శక్తిని వేడిగా మార్చి పారవేయటానికి బ్రేక్ రెసిస్టర్ అనే భాగం ఒకటుంటుంది. దాని తీగ తెగి ఉంటుంది, లేదా పని త్వరగా కావాలన్న ఆత్రంలో ఆగే వ్యవధిని ఎవరో సగానికి తగ్గించి ఉంటారు. అంకె ఎప్పుడు వచ్చిందని అడిగితే చాలు: వేగం తగ్గేటపుడా, పరుగెత్తేటపుడా? ఆ ఒక్క జవాబుతో సగం వైద్యం అయిపోతుంది.

మరొకటి, వెనుకబాటు దోషం. పలుపు పట్టుకొని దూడను నడిపించేవాడు ముందు పోతూ ఉంటాడు. దూడ కొంచెం వెనుకగా వస్తుంది. ఆ కొంచెం ఎప్పుడూ ఉండేదే. పలుపు బిగిసిపోయిందంటే మాత్రం దూడ ఎక్కడో చిక్కుకున్నట్లు. ఆజ్ఞకూ, మోటారు ఉన్న చోటుకూ నడుమ దూరం హద్దు మీరితే ఈ అంకె వస్తుంది. కారణం మోటారులోనే ఉండనక్కరలేదు. నూనె అందక మర బిగుసుకుపోవచ్చు. ఉక్కు పొట్టు దారికి అడ్డుపడవచ్చు. త్వరణం అత్యాశతో పెట్టినది కావచ్చు. చేతగానివాడు ఏం చేస్తాడంటే, సెట్టింగులలోకి పోయి ఆ హద్దునే రెండింతలు చేస్తాడు. అంకె రావటం మానివేస్తుంది. యంత్రం తప్పు కొలతల వస్తువులు చేస్తూ ఉంటుంది.

ఎన్‌కోడర్ తీగకు దెబ్బ తగిలితే వచ్చే అంకె వేరు. యంత్రంతోబాటు లక్షలసార్లు వంగి లేచే తీగ అది. లోపలి పోగులు తెగినా పైతొడుగు నిక్షేపంగా కనిపిస్తుంది. పక్క షెడ్డులో వెల్డింగ్ మొదలైనపుడే ఈ అంకె వస్తున్నదంటే, తీగ చుట్టూ ఉండే లోహపు వల నేలకు సరిగా కలపబడలేదని అనుమానించాలి. ఇక ఎన్‌కోడరుకు జ్ఞాపకశక్తినిచ్చే చిన్న లిథియం బ్యాటరీ సంగతి. అది 3.6 వోల్టులది, గోరంత వస్తువు. బలహీనపడగానే పెట్టె ముందుగా హెచ్చరిస్తుంది. దానిని కంట్రోలు విద్యుత్తు ఉండగానే మార్చాలి. జాగ్రత్తపరుడననుకొని మెయిన్ స్విచ్ ఆపి బ్యాటరీ తీసినవాడు, మళ్ళీ వేసేసరికి, యంత్రం తన ఇల్లెక్కడో మరచిపోయి ఉంటుంది. విద్యుత్తుతో వ్యవహరించేటపుడు స్విచ్ ఆపటమే తప్పయ్యే సందర్భాలు బహు తక్కువ. ఇది వాటిలో ఒకటి.

ఒక జబ్బు, నాలుగు పేర్లు

ఇంతవరకు అంతా బాగానే ఉన్నది. చిక్కు ఎక్కడంటే, ఈ అంకెలు ఒకే భాషలో ఉండవు. ఓవర్ వోల్టేజినే తీసుకోండి. మిత్సుబిషి పెట్టె దానిని 33 అంటుంది. అదే జపానుకు చెందిన యస్కావా పెట్టె ఎ.400 అంటుంది. తైవాను డెల్టా పెట్టె 002 అంటుంది. జర్మనీ సీమెన్స్ పెట్టె ఎఫ్ 30002 అంటుంది. నాలుగు కంపెనీల యంత్రాలు ఒకే కప్పు కింద ఉండటం మన షెడ్లలో వింత కాదు. కొన్ని కొత్తవి, కొన్ని వేలంలో కొన్నవి.

ఇంతకంటె ప్రమాదకరమైనది, ఒకే అక్షరానికి రెండర్థాలుండటం. సీమెన్స్ వారి కొత్త పెట్టెలలో 'ఎఫ్' అంటే దోషం, యంత్రం ఆగుతుంది. 'ఎ' అంటే హెచ్చరిక మాత్రమే, పని సాగుతూనే ఉంటుంది. యస్కావాలో 'ఎ' అక్షరంతో వచ్చేవి చాలావరకు యంత్రాన్ని ఆపివేసే దోషాలే. 9తో మొదలయ్యేవి మాత్రం హెచ్చరికలు. ఒక యంత్రం మీద నేర్చుకున్న 'ఎ'ను మరొక యంత్రానికి వర్తింపజేసినవాని గతి, తెలుగు 'శిక్ష'ను పట్టుకొని హిందీ ప్రాంతానికి వెళ్ళినవాని గతి వంటిది. భిలాయిలో తెలుగు ఇండ్ల పిల్లలకు ఇది బాగా తెలుసు: బడి గోడ మీద 'శిక్షా' అని రాసి ఉన్నది దండనను గురించి కాదు, చదువును గురించి.

ఒక ఉమ్మడి భాష కోసం ప్రయత్నాలు జరగకపోలేదు. జర్మనీలోని సి.ఐ.ఎ. అనే పారిశ్రామిక సంఘం రూపొందించిన 402 సంఖ్య గల ప్రమాణం, తరువాత అంతర్జాతీయ ప్రమాణంలో భాగమైంది. అందులో నాలుగు స్థానాల సంకేతం ఉంటుంది. దాని మొదటి అంకె చూస్తేనే జబ్బు ఏ అవయవానిదో తెలిసిపోతుంది. 2తో మొదలైతే ప్రవాహానికి, 3తో మొదలైతే వోల్టేజికి, 4 అయితే ఉష్ణోగ్రతకు సంబంధించినది. 3210 అంటే లోపలి వోల్టేజి ఎక్కువైనదని; 3220 అంటే తక్కువైనదని; 8611 అంటే పైన చెప్పిన వెనుకబాటు దోషమని. లెక్క కుదిరిన నిఘంటువు ఇది. అయినా పెట్టె ముఖాన చాలామంది తయారీదారులు తమ సొంత అంకెలనే చూపుతారు. ఉమ్మడి సంకేతం తీగల వెంట కంప్యూటరుకు మాత్రం చేరుతుంది. మన దేశంలో బల్ల మీద ఒక భాష, ఇంట్లో ఒక భాష మాట్లాడటం వంటిదే.

సంకేతాన్ని ముందుగా చదివి పెట్టుకోవటం ఎంత పని చేయగలదో చెప్పటానికి చరిత్రలో ఒక గొప్ప ఉదాహరణ ఉన్నది. 1969 జూలై 20న అపోలో 11 నౌక చంద్రుని మీదకు దిగుతుండగా కంప్యూటరు మీద 1202 అన్న సంకేతం వెలిగింది. అదేమిటో ఆర్మ్‌స్ట్రాంగ్‌కు తెలియలేదు. భూమి మీద దాని అర్థం వెంటనే చెప్పగలిగినవాడు జాక్ గార్మన్ అనే ఇరవై నాలుగేళ్ళ యువకుడు. అంతకు కొద్ది వారాల ముందు జరిగిన అభ్యాసంలో ఇటువంటి సంకేతమే కనిపించినపుడు, మార్గదర్శక విభాగం బాధ్యుడు స్టీవ్ బేల్స్ అనవసరంగా ప్రయాణం రద్దు చేయించాడు. ఆ తప్పు తరువాత అన్ని సంకేతాల జాబితా తయారు చేయమని ఆదేశం వచ్చింది. గార్మన్ దానిని చేతితో రాసుకొని తన బల్ల మీద పెట్టుకున్నాడు. 1202 అంటే కంప్యూటరుకు పని ఎక్కువైంది, తక్కువ ముఖ్యమైన పనులను వదలివేస్తున్నదని అర్థం. పదే పదే ఎడతెగకుండా రాకుంటే భయం లేదు. గార్మన్ చెప్పాడు, బేల్స్ సరే ముందుకు పొమ్మన్నాడు, నౌక దిగింది. ఆ జాబితా లేకుంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

దీనికి విరుద్ధమైన కథ 1979 మార్చి 28 నాటిది. అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ అణు విద్యుత్ కేంద్రంలో ఒక కవాటం తెరుచుకొని, మళ్ళీ మూసుకోలేదు. నియంత్రణ గదిలో దానికి సంబంధించిన దీపం మాత్రం ఆరిపోయింది. కవాటం మూసుకుందని పనివారు నమ్మారు. ఆ దీపం చెప్పినది కవాటం స్థితి కాదు. మూసుకొమ్మని ఆజ్ఞ వెళ్ళిందని మాత్రమే. తొలి నిమిషాలలోనే నూరుకు పైగా గంటలు, దీపాలు ఒక్కసారిగా మొరపెట్టినవి. రెండు గంటలకు పైగా నీరు బయటికి పోతూనే ఉన్నది. రియాక్టరు గర్భంలో దాదాపు సగం కరిగింది. కోరినదానికీ జరిగినదానికీ నడుమ తేడాను చూసే కన్ను అక్కడ లేదు. మన షెడ్డులోని సర్వో మోటారుకు ఉన్నది.

హెచ్చరికలను తేలికగా తీసుకోరాదన్న సంగతి భిలాయికి ఒకరు చెప్పనక్కరలేదు. 2014 జూన్ 12న ఉక్కు కర్మాగారపు పంపుహౌసు వద్ద విషవాయువు వెలువడి ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. 2018 అక్టోబరు 9న కోక్ ఓవెన్ల గ్యాసు గొట్టం వద్ద మంటలు లేచి మరికొందరిని బలిగొన్నవి. ఆ ప్రమాదాలకు సర్వో యంత్రాలతో ఏ సంబంధమూ లేదు. కాని ఆ ఊరిలో రాత్రి షిఫ్టుకు పోయే మనిషి ఇంటివారు, షిఫ్టు విడిచే వేళకు గుమ్మం వైపు ఎందుకు చూస్తారో తెలియాలంటే వాటిని గుర్తుంచుకోవాలి.

వేసవి, దుమ్ము, తొందర

యంత్రం జబ్బుపడటానికి ఊరి స్వభావం కూడ కారణమవుతుంది. కంట్రోలర్లను సాధారణంగా 40 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రతను దృష్టిలో ఉంచుకొని తయారు చేస్తారు. భిలాయిలో మే నెల ఎండ 44, 45 డిగ్రీలు తాకుతుంది. రేకుల షెడ్డులో మూసిన బీరువా లోపల ఇంకా ఎక్కువ. దానికి తోడు ఉక్కు ఊళ్ళ దుమ్ము మామూలు దుమ్ము కాదు. ఇనుప రజను, బొగ్గు పొడి విద్యుత్తును పారనిస్తవి. బీరువా చల్లబడటానికి తలుపు తెరిచి ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టేవారిని చూస్తూంటాం. చల్లదనంతోబాటు ఆ రజనును కూడ లోపలికి ఊదుతున్నారన్నమాట. రెండు రూపాయల విలువ చేయని గాలి జల్లెడను నెలకొకసారి దులిపితే పోయేదానికి, లక్ష రూపాయల పెట్టెను బలిపెట్టటం వ్యాపారం కాదు.

మరి రీసెట్ కొడితే తప్పేమిటి? ఓవర్‌లోడ్ విషయంలో తప్పు లెక్కతో తేలుతుంది. తీగలో పుట్టే వేడి ప్రవాహపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది: ప్రవాహం రెండింతలైతే వేడి నాలుగింతలు, మూడింతలైతే తొమ్మిదింతలు. సర్వో మోటారు తన మామూలు శక్తికి మూడింతల వరకు కొద్ది సెకన్లు మోయగలదు. ఎంత ప్రవాహం ఎంతసేపు పారిందో పెట్టె లెక్క కట్టుకుంటూ ఉంటుంది. ఆ మొత్తం హద్దు చేరితే ఆపుతుంది. కొన్ని పాత పెట్టెలలో విద్యుత్తు తీసి మళ్ళీ ఇస్తే ఆ లెక్క సున్నాకు వస్తుంది. లెక్క సున్నా అవుతుంది గాని, మోటారులోని వేడి సున్నా కాదు. అప్పు పుస్తకం చింపివేసినంత మాత్రాన అప్పు తీరినట్లా?

ఇక ఒక విషయం మాత్రం ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. మెయిన్ ఆపిన తరువాత కూడ పెట్టెలోని కెపాసిటర్లలో ఆ ఐదారు వందల వోల్టులు నిలిచి ఉంటవి. పెట్టెను బట్టి ఐదు నుంచి పదిహేను నిమిషాలు వేచి ఉండమని తయారీదారులు ముఖం మీదనే ముద్రిస్తారు. చార్జి దీపం ఆరినా సరే, మీటరుతో కొలిచి చూసిన తరువాతనే వేలు పెట్టాలి.

మళ్ళీ ఆ షెడ్డుకు వద్దాం.

"యాభై అంటే ఏమని రాసి ఉంది?" అని పెద్దాయన అడిగాడు. కుర్రవాడు పుస్తకం తిరగేశాడు. ఓవర్‌లోడ్. "అయితే పెద్ద మోటారు వేయాలా, గురువుగారూ?"

"నిన్నటి దాకా ఇదే మోటారు ఇదే పని చేసింది గదా. ఆగినపుడు తల పైకి పోతోందా, కిందికి దిగుతోందా, ఊరికే ఉందా?"

కుర్రవాడు ఆలోచించాడు. మొదటిసారి పైకి పోతోంది. రెండవసారి కిందికి దిగుతోంది. మూడవసారి గుర్తులేదు. పెద్దాయన ముఖం మారింది. పైకి పోయేటపుడు బరువు లాగాలి, సరే. కిందికి దిగేటపుడు బరువే సాయం చేస్తుంది; అప్పుడు కూడ మోటారు అలసిపోతున్నదంటే, దానిని మరేదో పట్టుకొని ఉన్నది.

"పొద్దున స్టార్ట్ చేసేటపుడు టక్కుమని చప్పుడు వస్తుంది, విన్నావా ఎప్పుడైనా?"

"రోజూ వస్తుందండి. ఇవాళ..." కుర్రవాడు ఆగాడు. "ఇవాళ విన్నట్టు లేదు."

నిలువుగా కదిలే ఇరుసుకు మోటారులోనే ఒక బ్రేకు ఉంటుంది. విద్యుత్తు లేనపుడు స్ప్రింగు దానిని బిగించి ఉంచుతుంది, తల జారిపడకుండా. 24 వోల్టుల విద్యుత్తు అందితే స్ప్రింగును వెనుకకు లాగి వదులుతుంది. ఆ వదలటమే టక్కుమనే చప్పుడు. ఆ విద్యుత్తు చాలకుంటే బ్రేకు సగం వదులుతుంది, సగం పట్టుకుంటుంది. మోటారు ఆ పట్టును ఈడ్చుకుంటూ తిరుగుతుంది. అది మోస్తున్నది ఉక్కు తలను కాదు, తన బ్రేకునే. కంట్రోలరుకు బ్రేకు కనిపించదు. దానికి కనిపించేది ప్రవాహం పెరగటమే. అందుకే 50 అన్నది. అది అబద్ధం చెప్పలేదు. తనకు తెలిసినంత చెప్పింది.

కుర్రవాడు స్క్రూడ్రైవర్ పట్టుకొని యంత్రం తల కిందికి వంగబోయాడు, మోటారు తీగ విప్పి చూద్దామని. పెద్దాయన అతని భుజం పట్టి వెనుకకు లాగాడు. మాట్లాడకుండా మూలనున్న మందపాటి టేకు దిమ్మెను దొర్లించుకొని వచ్చి, తల కింద నిలబెట్టి, తల దానిమీద ఆనేదాకా మెల్లగా దించాడు. సగం అరిగిన బ్రేకు మీద వేలాడుతున్న ఆ తల బరువు రెండు వందల కిలోలకు తక్కువ ఉండదు. దాని కింద ఒక నిమిషం క్రితం కుర్రవాని ముంజేయి ఉండబోయింది.

అప్పుడు మీటరు తీశారు. బీరువా దగ్గర 24 వోల్టులు ఉన్నవి. మోటారు దగ్గర, బ్రేకు తీగ కొనలో, 17. నడుమ ఎక్కడో ఏడు వోల్టులు పోతున్నవి. తీగను చేతితో తడుముతూ పోగా, యంత్రం వెనుక మలుపులో ఒక పాత అతుకు దొరికింది; ఎవరో ఎప్పుడో టేపు చుట్టి వదిలినది, నల్లగా మాడి ఉన్నది. కొత్త తీగ వేసేసరికి నాలుగు దాటింది. బ్రేకు పట్టిక అరిగిపోయి ఉంటుంది, దానిని మర్నాడు విప్పి చూడాలని పెద్దాయన అనుకున్నాడు. అంతవరకు ఈ యంత్రం నడవదని పలక మీద రాసి వేలాడదీశాడు. దిమ్మె తీయకుండానే ఒక్కసారి విద్యుత్తు ఇచ్చి చూశారు. టక్.

కుర్రవాడు లాగ్ పుస్తకం తెరిచి, "50 వచ్చింది, రీసెట్ చేశాం" అన్న తన పాత పంక్తిని కొట్టివేసి, కొత్తగా రాశాడు: రాత్రి 2 గంటలు. నిలువు ఇరుసు. 50, మూడుసార్లు. ఒకసారి పైకి, ఒకసారి కిందికి. బ్రేకు చప్పుడు లేదు. మోటారు దగ్గర 17 వోల్టులు. యంత్రం వెనుక మలుపులో అతుకు.

"మూడోసారి పైకా కిందికా రాయలేదే?" అన్నాడు పెద్దాయన.

"చూడలేదండి."

"అదీ రాయి."